పెట్టకోడి కూస్తే ఇంటికి అరిష్టమా? కోళ్ల గురించి పెద్దవాళ్లు చెప్పేవాటిలో ఎన్ని నిజం?

మాది చంద్రగిరి దగ్గర పల్లె. కొట్టం పక్కన ఎప్పుడూ పదిహేను ఇరవై నాటుకోళ్లు తిరుగుతుంటాయి. మీరడిగిన ఆ అరిష్టం మా ఇంట్లోనే జరిగింది కాబట్టి దాంతోనే మొదలుపెడతా.

మాకొక నల్లపెట్ట ఉండేది. నాలుగేండ్లది, మూడుసార్లు పిల్లలు చేసింది. ఒక ఎండాకాలం గుడ్లు మానేసింది. తర్వాత తలమీద జుట్టు పుంజుకు ఉన్నట్టు ఎర్రగా పెరిగింది, కాళ్లకు ముళ్లు మొలిచాయి. ఒకనాడు పొద్దున్నే పిట్టగోడెక్కి మెడ సాచి కూసింది. కూత అంటే కూత కాదు, నూనె లేని బావి గిలక కిర్రుమన్నట్టు. రాగులు చెరుగుతున్న మా అవ్వ చేట కింద పెట్టేసింది. "పెట్ట కూసిన ఇల్లు బాగుపడదురా, దాన్ని ఇంట్లో పెట్టుకోబాకు, గంగజాతరకు కోసెయ్" అనింది.

తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివే మా మామ కొడుకు వచ్చినప్పుడు అడిగా. పెట్టకు ఎడమ పక్క అండాశయం ఒక్కటే పనిచేస్తుందట, కుడిది పుట్టుకతోనే ముడుచుకుపోయి ఉంటుందట. రోగంతోనో గడ్డతోనో ఎడమది చెడిపోతే ఆడ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు కుడిపక్కది ఒక్కోసారి పెరిగి మగ హార్మోను తయారు చేస్తుంది. జుట్టు, ముళ్లు, కూత అన్నీ ఈ హార్మోన్ల మార్పువల్లే. మందలో పుంజు లేకపోతే పెత్తనం చేసే పెట్ట కూడా అప్పుడప్పుడూ కూస్తుంది, అది రోగం కూడా కాదు.

మేము దాన్ని కోయలేదు. నాలుగు నెలలకు దానంతట అదే చచ్చింది. మావాడు పొట్ట కోసి చూపించాడు, అండాశయం ఉండాల్సిన చోట నిమ్మకాయంత గడ్డ. ఆ ఏడు మాకు చెనిక్కాయ పంట పోయిన మాట నిజమే. చుట్టుపక్కల అందరికీ పోయింది. అందరిండ్లలో పెట్టలు కూసినాయా అంటే అవ్వ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

తెల్లారితేనే పుంజు కూస్తుందనేది ఇంకోటి. మా పుంజు రెండున్నరకే మొదలుపెడుతుంది, మధ్యాహ్నం కూడా కూస్తుంది, టార్చి వేసినా కూస్తుంది. వెలుగు చూసి కూయడం ఒక్కటే కాదు, దాని ఒంట్లోనే గడియారం ఉంది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని రాత్రీ పగలూ తేడా లేని మసక వెలుతురులో పెట్టినా అవి తెల్లారే వేళకే కూశాయని 2013లో తేల్చారు. వాటిలో పెద్దరికం ఉన్న పుంజే ముందు కూస్తుందని తర్వాత చూశారు. ఇది నేను కళ్లారా చూశా. సంక్రాంతికి ముందు పెద్ద డేగపుంజును అమ్మేశాం. అంతవరకు దాని తర్వాతే నోరెత్తే కాకిపుంజు మర్నాడు అందరికంటే ముందు కూసింది, ఏదో పదవి వచ్చినట్టు.

ఉరిమితే పొదుగు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెడతారు. మా ఇంట్లో ఇప్పటికీ కొడవలి ముక్క పెడతారు, నేనేమీ అనను. గుడ్లు మురగడానికి కారణం వేరే. పుంజు కలవని గుడ్డు పొదగదు. మా ఎండలకు బయట పది రోజులు దాచిన గుడ్డూ సరిగా పొదగదు. పొదిగిన ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు కింద సెల్‌ఫోన్ లైటు పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఖాళీగా ఉంటే తీసేయండి, ఇరవై ఒక్క రోజులు కోడిని ఊరికే కూర్చోబెట్టడం దేనికి?

అన్నట్టు, పుంజు లేకుండా గుడ్డే పెట్టదనేవాళ్లు ఇంకా ఉన్నారు. లేయర్ ఫారాల్లో పుంజులు ఉండవు, మనం అంగట్లో కొనే తెల్లగుడ్లన్నీ అవే. గుడ్డు పెంకు తెలుపో గోధుమో కావడం కోడి జాతిని బట్టి, బలంలో తేడా లేదు.

బాయిలర్ కోడికి సూదులు వేసి పెంచుతారని మా బజారులో అందరూ నమ్ముతారు. ఐదువేల కోళ్లున్న షెడ్డులో ఒక్కొక్కదాన్ని పట్టి రోజూ సూది పొడిచే కూలి ఎవరిస్తారు? ఎదుగుదల హార్మోను మేతలో కలిపినా అది ప్రోటీనే కాబట్టి అరిగిపోతుంది. ఆరు వారాలకు రెండు కిలోలు దాటడం జాతిని ఏళ్ల తరబడి ఎంపిక చేసుకుంటూ రావడం వల్ల, మేత వల్ల. భయపడాల్సింది యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడటం గురించి. కొలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్లకు వాడొద్దని కేంద్రం 2019లో నిషేధించింది కూడా.

నాకు అన్నిటికంటే నష్టం చేసింది మాత్రం "కొక్కెర తెగులు దిష్టి వల్ల వస్తుంది" అన్న మాట. మా కోళ్లు పచ్చగా పారుకున్నాయి, మెడలు తిప్పుకున్నాయి. పసుపు, వెల్లుల్లి పోశాం, దిష్టి తీశాం. నాలుగు రోజుల్లో పద్నాలుగు కోళ్లు పోయాయి. అది వైరస్, వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది. పిల్లకు ఏడో రోజున కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్‌టూబీ. టీకా వేస్తే గుడ్లు మానేస్తాయని అవ్వ భయం. గుడ్లు పెడుతున్న పెట్టకు ఆర్‌టూబీ వేస్తే కొన్నాళ్లు తగ్గే మాట ఉంది, అందుకే గుడ్లకు రాకముందే వేయించాలి. ఒక సీసాలో నూరు కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకని మా వీధిలో నాలుగిండ్లవాళ్లం కలిసి తెప్పించుకుంటాం. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో సీసా వస్తుంది. సాయంత్రం కోళ్లను గంపల కింద మూసినాక మొదలుపెడతాం. రెక్కలు విడదీసి పట్టుకునేది మా అవ్వే.