అమ్మ నర్సింగ్ హోమ్ ఖర్చు భరించడానికి ఎన్‌హెచ్‌ఎస్ నిరాకరించింది: అప్పీలు చేయాలా?

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరులో వైద్యం చదివి, 1970లలో ఇంగ్లండు వచ్చి, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టరుగా పనిచేశారు. ఇప్పుడాయన లేరు. అమ్మకు 81 ఏళ్లు, బ్రిటిష్ పౌరసత్వం ఉంది. డిమెన్షియా ముదిరి, పక్షవాతం కూడా రావడంతో రెండేళ్లుగా లెస్టర్ దగ్గర నర్సింగ్ హోమ్‌లో ఉంటోంది. ఇల్లు అమ్మిన డబ్బులోంచి వారానికి 1,450 పౌండ్లు కడుతున్నాం; ఇక లక్షా నలభై వేల పౌండ్లు మిగిలాయి. కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్‌కు (సంరక్షణ ఖర్చంతా ఎన్‌హెచ్‌ఎస్ భరించే ఏర్పాటు) అమ్మ అర్హురాలు కాదని రెండు నెలల క్రితం ఉత్తరం వచ్చింది. అప్పీలు చేయడం దండగా? అప్పీలు నడిపిస్తామంటూ ఒక ఏజెన్సీ తిరిగి వచ్చే సొమ్ములో 25 శాతం అడుగుతోంది. అమ్మ పేరున విజయవాడలో ఉన్న ఫ్లాట్‌ను తమ్ముడి పేరుకు మార్చేయమని బంధువులు అంటున్నారు.

జవాబు: అప్పీలు చేయండి. మీరు పంపిన మదింపు పత్రం చదివాక ఈ మాట అంటున్నాను. గెలుపు ఖాయమని మాత్రం చెప్పలేను.

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇంగ్లండులో అది వృద్ధులు ఉంటూ, పగలూ రాత్రీ నర్సుల సంరక్షణ పొందే నివాసం. అక్కడి ఖర్చు ఎవరు భరించాలన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. మనిషికి కావలసింది ప్రధానంగా ఆరోగ్య సంరక్షణ అయితే ఆస్తిపాస్తులతో సంబంధం లేకుండా ఎన్‌హెచ్‌ఎస్ మొత్తం చెల్లించాలి. అది సామాజిక సంరక్షణ (రోజువారీ పనుల్లో సాయం) అని తేలితే కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వ సంస్థ, ఆస్తులు లెక్కకడుతుంది, 23,250 పౌండ్లకు మించి పొదుపు ఉన్నవారు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి. 1999లో పమేలా కోగ్లన్ అనే మహిళ కేసులో అప్పీలు కోర్టు ఈ గీత గీసింది: వసతికి అనుబంధంగా ఉండే నర్సింగ్ వరకే కౌన్సిల్ బాధ్యత, అంతకు మించినది ఎన్‌హెచ్‌ఎస్‌దే. ఇది ఇంగ్లండుకు వర్తించే మాట. వేల్స్, స్కాట్లాండ్ ఏర్పాట్లు వేరు.

ఇప్పుడు మీ అమ్మగారి పత్రానికి వస్తాను. డెసిషన్ సపోర్ట్ టూల్ అనే ఈ పత్రంలో శ్వాస, ఆహారం, చర్మం, కదలిక, ప్రవర్తన మొదలైన 12 అంశాలకు స్థాయిలు ఇస్తారు. ఒక్క అంశంలో ‘ప్రయారిటీ’ (అన్నిటికంటే పై స్థాయి) గానీ, రెండింటిలో ‘సివియర్’ (దాని కింది స్థాయి) గానీ వస్తే అర్హత దాదాపు ఖరారైనట్టే. అమ్మగారికి గ్రహణశక్తిలో సివియర్, ఆహారం, కదలిక, ప్రవర్తనలలో ఆ తరువాతి స్థాయి ‘హై’, మిగిలినవాటిలో చాలావరకు దాని కిందిదైన ‘మోడరేట్’ వచ్చాయి. ఒకటే సివియర్ వచ్చింది కదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఒక సివియర్‌తో పాటు పలు అంశాలలో అవసరాలు ఉన్నప్పుడు కూడా అర్హత ఉండవచ్చని ఆ పత్రమే చెబుతుంది. అప్పుడు చూడవలసినవి నాలుగు: ఆ అవసరాల స్వభావం, తీవ్రత, సంక్లిష్టత, ముందుగా ఊహించలేనితనం. మీకు వచ్చిన ఉత్తరంలో ఈ నాలుగింటి మీద కలిపి ఒకే ఒక్క పేరా ఉంది. మీ అప్పీలు అక్కడే మొదలవ్వాలి.

‘సిబ్బంది రోజువారీ పనిలో భాగంగా చూసుకోగలుగుతున్నారు’ అని ఉత్తరంలో చెప్పిన కారణం నిలబడేది కాదు. బాగా నిభాయిస్తున్నంత మాత్రాన అవసరం లేకుండా పోదని ఈ అర్హతకు ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు, అంటే నేషనల్ ఫ్రేమ్‌వర్క్, స్పష్టంగా చెబుతుంది; సంరక్షణ ఎవరు ఇస్తున్నారు, ఎక్కడ ఇస్తున్నారు అన్నవి కూడా అర్హతను తేల్చకూడదు. అయితే ఈ సూత్రాన్ని ఉటంకించినంత మాత్రాన అప్పీలు వినే ప్యానెల్ ఒప్పుకోదు, రికార్డులతో చూపించాలి. హోమ్ రోజువారీ నోట్సులో ‘లంచ్ బాగా తిన్నారు’ అని ఒక్క ముక్క ఉంది. అదే పూట గురించి మీరు రాసింది వేరు: ఇద్దరు మనుషులు, యాభై నిమిషాలు, మెత్తగా చేసిన అన్నం, చిక్కగా కలిపిన నీళ్లు, మూడుసార్లు పొలమారడం, ఒకసారి నర్సును పిలవడం, మధ్యలో అమ్మగారు చెంచాను తోసేయడం. మింగలేని స్థితి, అర్థం చేసుకోలేని స్థితి, ఎదురుతిరిగే ప్రవర్తన ఒకదాన్నొకటి పెంచడమే సంక్లిష్టత. మధ్యాహ్నం ప్రశాంతంగా తిన్న మనిషికి రాత్రి ఎందుకు పొలమారుతుందో ఎవరూ చెప్పలేకపోవడమే ఊహించలేనితనం. కనీసం రెండు వారాల పాటు తేదీ, సమయంతో సహా ఇలా రాసిపెట్టండి. హోమ్ నుంచి, జీపీ (కుటుంబ డాక్టరు) నుంచి రికార్డుల ప్రతులు అడగండి. పవర్ ఆఫ్ అటార్నీ మీ పేరున ఉంటే ఆ పత్రం జతచేయండి. ఆ రికార్డులను వారు సాధారణంగా నెలలోగా ఉచితంగా ఇవ్వాలి.

భాష సంగతిని నేను అన్నిటికంటే ముఖ్యంగా పట్టుకుంటాను. డిమెన్షియా ముదిరేకొద్దీ అమ్మగారు ఇంగ్లీషు మరిచిపోయి, ఇప్పుడు విడివిడి తెలుగు మాటలే పలుకుతున్నారని రాశారు. నొప్పిగా ఉందా అని నర్సు ఇంగ్లీషులో అడిగితే ఆమె ‘ఆఁ ఆఁ’ అని నవ్వుతారు. నర్సు ‘నొప్పి లేదు’ అని నమోదు చేస్తుంది. మదింపు రోజున దుబాసీ లేరు. కమ్యూనికేషన్‌కు మోడరేట్ ఇచ్చారు. ఏ సాయం చేసినా తన అవసరాన్ని నమ్మదగినట్టు చెప్పలేని మనిషికి, చాలావరకు అవసరాలు ఇతరులే ముందుగా కనిపెట్టవలసిన మనిషికి రావలసింది ‘హై’. ఆమెకు తెలుగులోనూ జవాబు చెప్పడం సాధ్యం కావడం లేదని చూపగలిగితే ఆ స్థాయి మారాలి. నొప్పి ఉన్నదీ లేనిదీ తెలియకుండా మందులు ఇస్తున్నారన్న ప్రశ్న కూడా లేస్తుంది, కాబట్టి మందుల అంశాన్నీ తిరిగి చూడమని అడగండి. ఇకపై జరిగే ప్రతి సమావేశానికీ తెలుగు దుబాసీని రాతపూర్వకంగా కోరండి. ఆ పని మీరు నెత్తిన వేసుకోకండి. అక్కడ మీరు కూతురిగా మాట్లాడాలి.

గడువు విషయం. నిర్ణయం తెలిపిన నాటి నుంచి ఆరు నెలల్లోగా స్థానిక ఐసీబీని (మీ ప్రాంతపు ఎన్‌హెచ్‌ఎస్ బోర్డును) పునఃపరిశీలన కోరాలి; మీకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. అక్కడా కాదంటే, మరో ఆరు నెలల్లోగా ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండు ఏర్పాటు చేసే స్వతంత్ర సమీక్షా ప్యానెల్‌కు, ఆ తరువాత ఫిర్యాదులు విచారించే పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఇదంతా నెలల తరబడి సాగే వ్యవహారం. ఈలోగా హోమ్ ఫీజు ఆపకండి, ప్రతి బిల్లునూ భద్రపరచండి. అర్హత ఉందని తేలితే, ఆ అర్హత ఎప్పటి నుంచి వర్తిస్తుందో అప్పటి నుంచి కట్టిన సొమ్ము తిరిగి అడగవచ్చు. ఈ మధ్యలో ఆరోగ్యం వేగంగా క్షీణించి చివరి దశకు చేరుతున్నట్టు కనిపిస్తే అప్పీలు ఫలితం కోసం ఎదురుచూడకుండా, పూర్తి మదింపు లేకుండానే త్వరగా అర్హత తేల్చే ఫాస్ట్ ట్రాక్ దరఖాస్తు నింపమని డాక్టరును అడగండి.

ఏజెన్సీకి 25 శాతం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. అప్పీలుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఏజ్ యూకే, బీకన్ వంటి సంస్థలు ఉచితంగా సమాచారం, సలహా ఇస్తాయి. సహాయం కావాలనుకుంటే పత్రాలు చదివి పెట్టడానికి ముందే ఇంత అని ఒప్పుకున్న ఫీజుకు ఒకరిని పెట్టుకోండి.

వారానికి 1,450 అంటే ఏడాదికి 75,400 పౌండ్లు. పింఛను కలపకపోతే, ఏడాదిన్నర తరువాత పొదుపు 23,250కి పడిపోతుంది. మీ ఉత్తరంలో అటెండెన్స్ అలవెన్స్ మాట లేదు. సొంత ఖర్చుతో ఉంటున్నవారికి ఆస్తితో నిమిత్తం లేకుండా వచ్చే ఈ భత్యం 2025-26లో పై రేటున వారానికి 110.40 పౌండ్లు, రెండేళ్లుగా తీసుకోకపోతే ఇవాళే దరఖాస్తు పెట్టండి. ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చు భరించడం మొదలైతే అది ఆగిపోతుంది, ఆ మార్పును మీరే తెలియజేయాలి. కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ లేనివారికి కూడా నర్సింగ్ పనికి ఎన్‌హెచ్‌ఎస్ నేరుగా హోమ్‌కు ఇచ్చే వాటా అదే ఏడాది వారానికి 254.06 పౌండ్లు, మీ 1,450 అది తీసేసిన తరువాతి మొత్తమో కాదో బిల్లులో చూడండి.

విజయవాడ ఫ్లాట్ జోలికి వెళ్లకండి. కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్‌కు ఆస్తి ఎంతున్నా అడ్డు కాదు, కాబట్టి అప్పీలుకు ఆ బదిలీ వల్ల ఒరిగేదేమీ లేదు. రేపు కౌన్సిల్ దగ్గరకు వెళ్లవలసి వస్తే విదేశాలలోని స్థిరాస్తి కూడా లెక్కలోకి వస్తుంది. ఫీజు తప్పించుకోవడానికే ఇచ్చేశారని తేలితే అది ఇంకా అమ్మగారి దగ్గరే ఉన్నట్టు లెక్కిస్తారు. ఆస్తి ఇచ్చేసి ఏడేళ్లు దాటితే అడగరని కొందరు అనేది వారసత్వపు పన్నుకు సంబంధించిన మాట, దీనికి వర్తించదు. అమ్మగారి ఆస్తి అమ్మగారి మేలుకే వాడవలసిన బాధ్యత కూడా పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారి మీద ఉంటుంది.

రికార్డులు వచ్చేదాకా ఆగకుండా, నిర్ణయాన్ని అంగీకరించడం లేదని, వివరమైన కారణాలు తరువాత పంపుతామని నాలుగు వాక్యాల ఉత్తరం ఈ వారమే ఐసీబీకి పంపి, అందినట్టు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.