కుండీలోని అడవి చుక్కకూరకు ఎరువు కావాలా?

ప్రశ్న: పొలం గట్టున చుక్కకూరను పోలిన అడవి మొక్క కనిపిస్తే తవ్వి తెచ్చి ఇంటి ముందు కుండీలో పెట్టాను. ఆకులకు ఎర్రటి ఈనెలున్నాయి, చూడడానికి బాగుంటుంది. రోజూ నీళ్లు పోస్తున్నా కింది ఆకులు పండిపోతున్నాయి. మధ్యలోంచి పొడవాటి కాడ లేస్తోంది. ఏ ఎరువు వేయాలి? ఆకులు వండుకోవచ్చా?

జవాబు: ఎరువు సంగతి తర్వాత, ముందు నీళ్లు తగ్గించండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది రూమెక్స్ జాతి మొక్క, మన చుక్కకూరకు దగ్గరి చుట్టం. దీనికి తేమ ఇష్టమే. అయితే నేలలో ఉన్నప్పుడు తల్లివేరు లోతుకు దిగిపోతుంది. కుండీలో అంత చోటుండదు. అడుగున నీరు నిలిస్తే వేరుకు గాలి అందక కింది ఆకులు పసుపుబారతాయి. పైమట్టి అంగుళం మేర ఆరాకే పోయండి. కుండీ కనీసం అడుగున్నర లోతుండాలి, అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి.

తవ్వేటప్పుడు వేరు తెగిందేమోనని టెన్షన్ పడకండి. ఆకులు పుట్టే మొదలు, దాని కింద కాస్త వేరు ఉంటే చాలు, మళ్లీ చిగురిస్తుంది. పచ్చిక బీళ్లలో దీన్ని పీకి పీకి రైతులు విసిగిపోయేది అందుకే! ఎండలోనైనా, పూట నీడలోనైనా పెరుగుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్లు ఏడాదికోసారి వేస్తే సరిపోతుంది. యూరియా వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి పేనుబంక చేరుతుంది. ఒకవేళ చేరినా, ఆకు అడుగున నీటిని గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ పూతకాడ విషయంలో. గింజ కట్టకముందే మొదలుదాకా కోసేయండి. కోస్తే కొత్త ఆకులు వస్తాయి, కోయకపోతే పెరడంతా ఇదే మొలుస్తుంది. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే శాస్త్రవేత్త రకరకాల మొక్కల విత్తనాలను ఇసుకలో కలిపి, సీసాల్లో పోసి భూమిలో పాతిపెట్టారు. 80 ఏళ్ల తర్వాత తీసిన సీసాలో మొలకెత్తినవి మూడు రకాలే. వాటిలో రూమెక్స్ క్రిస్పస్ ఒకటి. మీ కుండీలోది ఆ రకం కాకపోవచ్చు, కానీ ఈ జాతి గింజలు మొండివి. కోసిన కాడకు గింజలుంటే కంపోస్టు గుంతలో వేయకండి.

తినడం గురించి: రూమెక్స్‌లో చాలా రకాల లేత ఆకులు తినదగినవే. కానీ మొక్క ఫలానా రకమని తేలకుండా, అదీ కలుపుమందు పడే అవకాశమున్న గట్టు నుంచి తెచ్చినదాన్ని, వండుకోమని నేను చెప్పను. పైగా వీటిలో ఆక్సలేట్లు (కాల్షియంతో కలిసి గట్టిపడే పదార్థాలు) ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవారు దూరంగా ఉండాలి. కోసిన ఆకులను మేకలకో గొర్రెలకో కుప్పగా వేయకండి. ఖాళీ కడుపుతో ఒక్కసారిగా ఎక్కువ తింటే వాటి రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణాపాయం కలగొచ్చు.