డాక్సీసైక్లిన్ మాత్ర పాలతో వేసుకోవచ్చా?

వద్దు, నీళ్లతోనే వేసుకోండి. పాలు, పెరుగులోని కాల్షియం ఈ యాంటీబయాటిక్ మందుతో కలిసిపోయి కొంత మందును ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్రలు, గ్యాస్‌కి వేసుకునే యాంటాసిడ్‌లదీ అదే గొడవ, ఇంకాస్త ఎక్కువే. వాటికీ దీనికీ రెండు మూడు గంటల తేడా ఉంచండి. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవచ్చు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటుంది. మాత్ర అన్నవాహికలో ఆగిపోతే అక్కడ పుండు పడుతుంది. అందుకే గ్లాసు నిండా నీళ్లు తాగాలి, కనీసం అరగంట నడుం వాల్చకూడదు. నిద్రకు ముందు గుటుక్కున మింగి పడుకోవడమే అసలు ప్రమాదం.

ఈ మందు వాడుతుంటే ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, మన ఎండల్లో గొడుగు తప్పదు. గర్భిణులైతే డాక్టర్‌కు ముందే చెప్పాలి. స్క్రబ్ టైఫస్‌కి (చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) రాసి ఉంటే, రెండు రోజుల్లో జ్వరం తగ్గినా చెప్పినన్ని రోజులూ వాడండి. మొహం వాచినా, ఊపిరాడకపోయినా మాత్రం మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.