చంద్రగిరి దగ్గర ఎకరంలో చేపపిల్లల హేచరీ పెట్టవచ్చా?

చంద్రగిరి దగ్గర ఎకరం పొలం, ఒక బోరు ఉన్నాయని, హేచరీ పెట్టి చేపపిల్లలు అమ్మాలని ఉందని రాశారు. గుడ్లు పెట్టించే పని నెత్తిన వేసుకోకండి. తల్లిచేపలకు వేరే చెరువు కావాలి, వాటిని రెండేళ్లకు పైగా మేపాలి, గుడ్లు పొదిగేటప్పుడు నీరు ఆగకుండా పారాలి. ఒక్క బోరుతో కాదు. స్పాన్, అంటే గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన సన్నని పిల్లలను, కొని తెచ్చి, నాలుగంగుళాల పిల్లలుగా పెంచి అమ్మండి. శ్రీకాళహస్తి వైపు ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే.

దీనికి గిరాకీ తెచ్చిపెట్టింది మన వానలే. బొచ్చె, శీలావతి, మోసు చేపలు గుడ్లు పెట్టేది ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు దాకా. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌదరి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించాక, పిల్లల కోసం నదుల వెంట తిరిగే బాధ తప్పింది గానీ గుడ్లు పెట్టే కాలం మారలేదు. మన చెరువులు ఎక్కువగా నిండేదేమో అక్టోబరు, నవంబరు వానలకు. చెరువును వేలంపాటలో పాడుకున్నవాళ్లు పిల్లల కోసం వెతికేది అప్పుడే. ఈ మూడు నాలుగు నెలలు పిల్లను బతికించి ఉంచగలిగితే బేరం మన చేతిలో ఉంటుంది. కొర్రమీను, నీటికాకి ఉన్న చెరువులో అంగుళం పిల్లను వదిలితే వాటికి ఫలహారం పెట్టినట్టే, అందుకే వాళ్లు పెద్ద పిల్లనే అడుగుతారు.

అయితే ముందు మీ నేల నీరు పట్టి ఉంచుతుందో లేదో చూసుకోండి. మన ఎర్రనేలల్లో చాలామంది మునిగేది ఇక్కడే. నడుము లోతు గుంత తవ్వి, పొద్దున అంచుదాకా నింపండి. సాయంత్రానికి ఎంత ఇంకినా పట్టించుకోకండి. మళ్లీ నింపి, కొబ్బరి మట్టలు కప్పి, మర్నాడు చూడండి. నీరు చాలావరకు నిలిస్తే సరే. లేకపోతే బంకమట్టి తోలించాలి, ఆ ఖర్చు చిన్నది కాదు.

నా మొదటి ఏడు సంగతి చెబుతాను. పది సెంట్ల గుంటలో రెండు లక్షల స్పాన్ వేశాను. అమ్మినాయన కప్పుతో కొలిచి ఇచ్చాడు, ఒక్క కప్పయినా లెక్కపెట్టి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. మిట్టమధ్యాహ్నం కవర్లు విప్పి నేరుగా గుమ్మరించాను. మర్నాడు తెల్లపళ్లెంలో నీళ్లు ముంచి చూస్తే, వెల్లకిలా ఈదే నల్లపురుగు ఒకటి దారప్పోగులాంటి పిల్లను కాళ్లతో పట్టుకుని పీలుస్తోంది. పళ్లెంలో అలాంటివి మరో మూడు. చివరికి వల లాగితే పదకొండు వేల పిల్లలు వచ్చాయి. బాగా చూసుకున్న గుంటలో అంగుళం సైజుకు నూటికి ముప్పై నుంచి యాభై దాకా దక్కుతాయి.

ఇప్పుడు స్పాన్ వదిలే ముందురోజు, గాలి లేనప్పుడు, పది సెంట్లకు రెండు కిలోల పైచిలుకు నూనెలో ముప్పావు కిలో బట్టల సబ్బు కలిపి చల్లుతాను. నీటిమీద పొర కట్టి పురుగులకు ఊపిరి ఆడదు. స్పాన్ కవర్లను తెల్లవారుజామున గుంటలో పావుగంటకు పైగా తేలనిచ్చి, ఆ నీరు కొద్దికొద్దిగా కవర్లోకి పోసి అప్పుడు వదులుతాను. కొనేటప్పుడే కొన్నింటిని పళ్లెంలో వేయించుకుని నీటిని వేలితో గిర్రున తిప్పుతాను. బలమైనవి ఎదురీదుతాయి, నడుమకు చేరి తిరిగేవాటిని తీసుకోను.

మేత పెద్ద విద్య కాదు. వేరుశనగ చెక్క పొడి, తవుడు సమపాళ్లలో కలిపి, లక్ష స్పాన్‌కు రోజుకు 600 గ్రాములు, అయిదు రోజుల తర్వాత రెట్టింపు. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి గొట్టాన్ని ఎత్తున కట్టి, రాతిమీద చిమ్ముతూ పడేలా చేయండి. తెల్లవారుజామున పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి మోటారు వేయండి. మా ఊళ్లో కరెంటు సరిగ్గా ఆ వేళకే పోతుంది, అందుకే డీజిల్ ఇంజను కొన్నాను.

గుంతలో మర్నాటికి నీరు ఎన్ని అంగుళాలు దిగిందో రాయండి. ఎన్ని సెంట్లలో గుంట తవ్వాలో అది చూసి చెబుతాను.