అచ్చుకాని బిల్లు దగ్గర మొదలుపెట్టు

అమ్మలూ,

నీ మెయిలు చూశాను. మీ నాన్న ఫోన్‌లో చెప్పిన తీరుకి ఏదో పెద్ద టెన్షన్‌లో పడ్డావనుకున్నాను. తీరా చూస్తే సంగతి ఇదీ: నీ లా థీసిస్ మేరీ రాబిన్సన్ మీద, తరువాత ఐర్లండ్ రాష్ట్రపతి అయిన ఆవిడ అంతకుముందు అక్కడి సెనేట్‌లో ఇరవై ఏళ్లు మాట్లాడింది, సెర్చ్‌లో ఆవిడ పేరు కొడితే చర్చలు కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు, మీ గైడేమో మూడు వారాల్లో మొదటి చాప్టరు ఇమ్మంటున్నారు. అంతేగా?

నేను లా చదవలేదు. సభలో అన్న మాట కాగితం మీదికి ఎలా చేరుతుందో మాత్రం తెలుసు. ముప్పై ఏళ్ల పైచిలుకు శాసనసభ రిపోర్టర్ల సెక్షన్‌లో షార్ట్‌హ్యాండ్ రాసినవాణ్ణి. వంతు రాగానే పుస్తకం, రెండు పెన్సిళ్లు పట్టుకుని సభ మధ్యలో ఉన్న బల్ల దగ్గర కూర్చోవడం, వంతు కాగానే లేచి సెక్షన్‌కి పరిగెత్తి అది మరిచిపోకముందే టైపు చేయించడం. నువ్వు పంపిన లింకులు పది రోజులుగా రాత్రిళ్లు చదువుతున్నాను. మీ పెద్దమ్మ నాకు మళ్లీ ఉద్యోగం వచ్చిందనుకుంటోంది.

ముందు ఆ పేరు కొట్టడం ఆపు. మనిషి పేరు పట్టుకుని వెళితే ప్రతి మాటా ఒకే ఎత్తులో కనబడుతుంది. ఏదో సవరణ మీద రెండు ముక్కలు, సంతాప తీర్మానం, గంటసేపటి ప్రసంగం, అన్నీ ఒకే వరసలో. ఒక్క బిల్లు పట్టుకో. అది ఎప్పుడు వచ్చింది, ఎవరు ఆపారు, ఏ పేరుతో తిరిగొచ్చింది, చివరికి చట్టమైనప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఇది చూడు. ఆ దారిలో ఆవిడ ఎక్కడెక్కడ లేచి నిలబడిందో రాసుకుంటే నీకు కావలసింది అందులోనే ఉంటుంది.

అందరూ పట్టుకునేది గర్భనిరోధక సాధనాల బిల్లే. నువ్వూ అక్కడే మొదలుపెట్టు, కాకపోతే కాస్త వేరే చోటు నుంచి. 1935 నాటి క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టంలో 17వ సెక్షన్ వాటిని అమ్మకూడదు, బయట దేశాల నుంచి తేకూడదు అంది. వాటిని సమర్థిస్తూ పుస్తకం అచ్చు వేయడాన్ని 1929 సెన్సార్‌షిప్ చట్టమే ఆపేసింది. మాత్రలు మాత్రం దొరికేవి, నెలసరి సరిచేసే మందు అని డాక్టరు చీటీ రాస్తే. దేశమంతటికీ తెలిసిన ఈ నాటకాన్ని సభలో ఎత్తడానికి 1971లో రాబిన్సన్, జాన్ హోర్గన్, ట్రెవర్ వెస్ట్ ముగ్గురూ కలిసి ఒక బిల్లు పెట్టబోయారు. ప్రభుత్వ బిల్లు కాదు కాబట్టి మొదటి దశలో సభ అనుమతి ఇవ్వాలి. అనుమతిస్తేనే అచ్చు వేస్తారు. చాలా బిల్లులకి అదొక లాంఛనం, ఎవరూ తల కూడా ఎత్తరు. ఈ బిల్లుకి మాత్రం నెలల తరబడి నాన్చి, జులైలో ఓటింగ్ పెట్టి, కాదన్నారు.

అంటే బిల్లు అచ్చే కాలేదు. అందులో ఏముందో సభ అధికారికంగా చదవనే లేదు. ఇక్కడే నువ్వు పొరపాటు పడతావు. ‘గర్భనిరోధంపై రాబిన్సన్ వాదన’ అని శీర్షిక పెట్టి 1971 చర్చలో ఆ వాదన కోసం వెతుకుతావు. అక్కడ జరిగిన గొడవంతా అసలు దీన్ని చూడొచ్చా వద్దా అన్నదాని మీదే. కాబట్టి ఆ ఏడాది నువ్వు వెతకాల్సింది ప్రొసీజరు. ఎజెండాలో ఎన్నిసార్లు పేరు కనబడింది, ఎన్నిసార్లు వాయిదా పడింది, ఎవరు ఎప్పుడు పోనీ తరువాత చూద్దాం అన్నారు. వాయిదా వేసే మనిషి నోటంట ఒక్క చెడ్డ మాట కూడా రాదు, అది గుర్తుపెట్టుకో. నా సర్వీసులో నేను రాసిన మర్యాదైన వాక్యాల్లో సగం వాయిదాలవే.

రికార్డులో లేనిది కూడా పక్కన పెట్టుకో. ఆ మార్చిలో డబ్లిన్ ఆర్చ్‌బిషప్ మెక్వేడ్ ఇలాంటి చట్టం దేశానికి శాపమవుతుందని ఉత్తరం రాసి చర్చిల్లో చదివించాడు. మే 22న డబ్లిన్ ఆడవాళ్లు రైలెక్కి బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడ చట్టబద్ధంగా కొన్న సరుకు తెచ్చి కొనలీ స్టేషన్లో కస్టమ్స్ వాళ్ల ముందే చూపించారు. రాబిన్సన్ ఇంటికి బూతు ఉత్తరాలు వచ్చాయి. వాటిని భర్త కాల్చేశాడు, కాల్చకుండా ఉంటే బాగుండేదని తరువాత ఆవిడే అంది. ఇవేవీ సభ రికార్డులో ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. కానీ పక్కన ఆ నెల పేపరు పెట్టుకోకుండా చదివితే సభ్యులంతా ఎందుకంత బిగుసుకుపోయి మాట్లాడుతున్నారో అర్థం కాదు.

ఆవిడ ఏ సీటు నుంచి మాట్లాడుతోందో కూడా చూడు. షానడ్‌లో, అంటే ఆ సెనేట్‌లో (రాసేదొకటి, పలికేదొకటి, వాళ్ల భాష అంతే) 60 మంది. వాళ్లలో ఆరుగురు యూనివర్సిటీ పట్టభద్రులు ఎన్నుకునేవాళ్లు, అప్పట్లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీకి మూడు సీట్లు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ లాంటిదే అనుకో. 1969లో ఆ సీటుకి గెలిచినప్పుడు ఆవిడకి 25 ఏళ్లు. కుటుంబమేమో మేయో జిల్లా బల్లీనాలో క్యాథలిక్ డాక్టర్ల కుటుంబం. ట్రినిటీలో చదవాలంటే క్యాథలిక్కులకి ఆ రోజుల్లో ఆర్చ్‌బిషప్ అనుమతి కావాలి. ఊళ్లో ఓటర్లకీ పూజారికీ జవాబు చెప్పాల్సిన సభ్యుడికి లేని వెసులుబాటు ఆ సీటుది. అలాగని ఆవిడ ధైర్యం తక్కువని కాదు. ఎదుటివాళ్ల పిరికితనాన్ని తూకం వేసేటప్పుడు మాత్రం ఇది కూడా త్రాసులో వెయ్యి.

ఇక చదివే పద్ధతి. ముందు మంత్రి జవాబు చదువు, తరువాత ఆవిడ ప్రసంగం. తలకిందులుగా ఉందనిపిస్తుంది, కానీ నామాట విను. జవాబులో ‘పరిశీలనలో ఉంది’ అంటే ఫైలు కదల్లేదని. ‘సూత్రప్రాయంగా సానుభూతి ఉంది, అయితే బిల్లు ముసాయిదాలో లోపాలున్నాయి’ అంటే అది మా చేతుల మీదుగా రావాలి అని. ఇవి మన సభ పడికట్టు మాటలే, అక్కడ ఇంగ్లిషులో ఉన్నాయి, అంతే. మంత్రి ఏ పాయింటుకి జవాబు చెప్పకుండా దాటేశాడో చూసుకుని అప్పుడు ఆవిడ ప్రసంగానికి వెళ్లు. ఆ దాటేసిన చోటే గట్టి వాదన ఉంటుంది.

దీనికి చక్కటి ఉదాహరణ పెళ్లికాని తల్లుల పిల్లల సంగతి. 1974లో ఆ పిల్లల పోషణ, వారసత్వం మీద ఆవిడ ప్రైవేటు బిల్లు తెచ్చింది. అది చట్టం కాలేదు. 1975లో లా రిఫార్మ్ కమిషన్ ఏర్పడింది, 1982లో ఆ కమిషన్ ‘అక్రమ సంతానం’ అన్న హోదానే తీసేయమని రిపోర్టు ఇచ్చింది, 1987లో స్టేటస్ ఆఫ్ చిల్డ్రన్ చట్టం వచ్చింది. పదమూడేళ్లు. నువ్వు ‘రాబిన్సన్ వల్ల ఈ చట్టం వచ్చింది’ అని రాస్తే మీ గైడు ఎర్రసిరా పెడతారు, పెట్టాలి కూడా. 1974 బిల్లులో అడిగింది ఒక కాలమ్‌లో, 1987లో వచ్చింది ఇంకో కాలమ్‌లో పెట్టి పక్కపక్కన చూడు. ఆవిడ అడిగినదానికంటే చివరికి ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా? ఈ ప్రశ్నకి జవాబు రాస్తే అదొక చాప్టరు.

కోర్టునీ సభనీ విడదీయకు. ఇదొక్కటి నువ్వు లా విద్యార్థివి కాబట్టి నాకంటే బాగా చేస్తావు. 1973 డిసెంబర్లో మగీ కేసు తీర్పు వచ్చింది. స్కెరీస్‌లో ఉండే ఒకావిడ, నలుగురు పిల్లలు, మళ్లీ గర్భం వస్తే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. ఆవిడ పోస్టులో తెప్పించుకున్న మందుని కస్టమ్స్ పట్టుకుంది. భార్యాభర్తల ఏకాంతంలో ప్రభుత్వానికి పనిలేదని సుప్రీంకోర్టు 1935 సెక్షన్‌లో దిగుమతి నిషేధాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసినవాళ్లలో జస్టిస్ బ్రయన్ వాల్ష్ ఒకరు, తరువాత లా రిఫార్మ్ కమిషన్ మొదటి అధ్యక్షుడూ ఆయనే. ఈ తీర్పుకి ముందు ఆవిడ ఏం అడిగింది, తరువాత అడిగే తీరు ఏమైనా మారిందా చూడు. ఎందుకంటే ఈసారి ఆవిడ గర్భనిరోధక బిల్లు అచ్చయింది, చర్చకీ వచ్చింది. 1974లో ఓడిపోయిందనుకో, కానీ ఓడిపోయేముందు జనం చదవగలిగేలా రికార్డయింది. రెండు ఓటములూ ఒకటి కావు.

అదే ఏడు ప్రభుత్వం తన బిల్లు తను తెచ్చింది. జులై 16న దిగువసభ ఓటింగ్‌లో ప్రధాని లియమ్ కాస్‌గ్రేవ్ లేచి వెళ్లి సొంత ప్రభుత్వ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాడు. 61కి 75తో బిల్లు పోయింది. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి పూట నాకొక్కటీ దొరకలేదు, ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్న రిపోర్టరు ఎవరో కానీ అదృష్టవంతుడు. రికార్డులో ఏముంటుంది మరి? రెండు వరసల పేర్లు. ఓట్ల జాబితా దాటేయకు, పేరు పేరునా చదువు. కొన్నిసార్లు చర్చంతా ఆ జాబితాలోనే ఉంటుంది.

1979 చట్టం దగ్గరికి వచ్చాక ప్రసంగాలు వదిలేసి కమిటీ దశకి వెళ్లు, అక్కడ సెక్షన్ల వారీగా నడుస్తుంది. అప్పటి ఆరోగ్య మంత్రి చార్లెస్ హౌహీ తెచ్చిన చట్టమది, ‘ఐరిష్ సమస్యకి ఐరిష్ పరిష్కారం’ అని తనే పేరు పెట్టుకున్నాడు. నిజమైన కుటుంబ నియంత్రణ కోసమని డాక్టరు నమ్మాలి, చీటీ రాయాలి, అప్పుడే అమ్మాలి. కండోమ్‌కి కూడా చీటీయే! 1985లో పద్ధెనిమిది నిండినవాళ్లకి చీటీ అక్కర్లేదన్నారు. చూశావా, చట్టం మొత్తం ఆ ‘నిజమైన’ అన్న ఒక్క మాట మీద నిలబడింది. అలాంటి మాట మీద పడే సవరణలు ప్రసంగాల్లో కనబడవు, కమిటీలోనే దొరుకుతాయి. విసుగ్గా ఉంటుంది. టీ పెట్టుకుని కూర్చో.

జ్యూరీ కేసు (ఆడవాళ్లని జ్యూరీలకి దూరంగా ఉంచిన చట్టం మీద), ఏరీ కేసు (లాయరుని పెట్టుకునే స్తోమత లేని ఒకావిడది) నువ్వు ఎలాగూ చదివే ఉంటావు. రెండింటిలోనూ ఆవిడ లాయరే. మొదటిది గెలిచాక 1976లో జ్యూరీ చట్టం మారింది. రెండోది 1979లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టులో గెలిచాక సివిల్ కేసుల్లో పేదలకి లాయరు సాయం ఒక స్కీముగా వచ్చింది, చట్టంగా మాత్రం 1995 దాకా రాలేదు. సభలో ఏళ్లు పట్టేది కోర్టులో ముందు దొరికింది, దొరికాక మళ్లీ సభకే రావాల్సి వచ్చింది. మీ థీసిస్‌కి ఇంతకంటే వివరం నేనివ్వలేను.

నోట్సు రాసుకునేటప్పుడు వాల్యూము నంబరు, కాలమ్ నంబరు, తేదీ మూడూ రాయి. వెబ్ లింకు ఒక్కటే పెట్టుకుంటే రేపు అది మారినప్పుడు ఏడుస్తావు. ఉటంకించేటప్పుడు వాక్యాన్ని అందంగా దిద్దకు, మధ్యలో బ్రాకెట్లో ‘అంతరాయం’ అని ఉంటే దాన్నీ ఉంచు. మేం సభలో అరుపులు వినబడనప్పుడు ఆ ఒక్క మాట రాసేవాళ్లం. దాని వెనక ఒక్కోసారి పదిమంది లేచి నిలబడి ఉండేవాళ్లు. సాయంత్రం సెక్షన్‌కి వచ్చి ‘నేనలా అనలేదు, ఇలా అన్నాను’ అని ప్రూఫు దిద్దుకునే సభ్యులూ ఉండేవారు. వ్యాకరణం సరిచేసుకోనిచ్చేవాళ్లం, అర్థం మార్చనిచ్చేవాళ్లం కాదు. ఒకాయన అలిగి నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆవిణ్ణి విగ్రహం చేయకు. రెండుసార్లు దిగువసభకి పోటీ చేసి ఓడిపోయింది. లేబర్ పార్టీలో చేరి, 1985లో ఉత్తర ఐర్లండ్ గురించి బ్రిటన్‌తో చేసుకున్న ఆంగ్లో-ఐరిష్ ఒప్పందం నచ్చక వదిలేసింది. ఆ చర్చలు కూడా చదువు, కనీసం ఒకటి.

ఒక చిన్న సంగతి, ఫుట్‌నోటుకి పనికొస్తుంది. 1990 డిసెంబర్లో ఆవిడ రాష్ట్రపతి అయ్యాక చర్చల్లో ఆవిడ గొంతు వినపడదు, కానీ చట్టాల మీద సంతకం ఆవిడదే. స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 1993 చట్టం అలాంటిది. డేవిడ్ నోరిస్ తరఫున ఆ విషయం మీద స్ట్రాస్‌బర్గ్‌లో వాదించి 1988లో గెలిచింది కూడా ఈవిడే. ఆ సంతకం చర్చల సెర్చ్‌లో రాదు, విడిగా చూసుకోవాలి.

మొదటి చాప్టరు రాశాక పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాను. చలికి స్వెట్టరు వేసుకుంటున్నావా అని పెద్దమ్మ అడగమంది.

మీ పెదనాన్న