పాప స్కాట్స్ పద్యం తెచ్చుకుంది, ఏం చేయాలి?

క్రిస్మస్ సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన వారం పది రోజులకు, స్కాట్లాండ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, స్కూల్లో ఒక కాగితం ఇచ్చారు. పద్యమట, పాప బట్టీ పట్టి క్లాసులో అందరి ముందూ చెప్పాలట. అక్షరాలు ఇంగ్లీషువే గానీ ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మనం వద్దంటే ఊరుకుంటారా?" దాని వెనకే మిగతావి వరసకడతాయి. హ్యాగిస్ పెడతారట, అందులో ఏముంటుంది? కిల్టు కొనాలా? హాలోవీన్‌కు పంపొచ్చా? డాన్సులో ఆడపిల్లలూ మగపిల్లలూ చేతులు పట్టుకోవాలట, నిజమేనా?

ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నా మాట ఒక్కటే: వద్దనకండి. ఈ నేల ఆచారాలు బడి పని, మన పండగలు ఇంటి పని అని మధ్యలో గోడ కట్టేస్తే ఆ గోడకు అటూ ఇటూ తిరగాల్సింది పిల్లలే. అదే అమ్మానాన్నలు కూడా అందులో పాలుపంచుకుంటే పిల్లలకు సగం బెరుకు పోతుంది.

ముందు పద్యం సంగతి. రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న ఎయిర్‌షైర్‌లోని ఆలవే అనే ఊళ్లో పుట్టాడు. రైతు బిడ్డ, స్వయంగా అరక దున్నినవాడు. 1796లో, 37 ఏళ్లకే పోయాడు. ఆయన పుట్టినరోజు రాత్రినే బర్న్స్ నైట్ అంటారు. అందుకే జనవరి అంతా బళ్లలో స్కాట్స్ పద్యాల హడావుడి ఉంటుంది. స్కాట్స్ అంటే ఇంగ్లీషుకు దగ్గరగా ఉండే ఇక్కడి జనం భాష. ప్రైమరీ వన్, టూ పిల్లలకు చిన్న చిన్న గేయాలు ఇస్తారు. పెద్ద తరగతుల వాళ్లకు బర్న్స్ రాసినవే వస్తాయి. చాలా బళ్లలో పోటీ పెట్టి బహుమతులు కూడా ఇస్తారు.

మీ పిల్లలకు ఎలుక పద్యం వచ్చిందనుకోండి, అదృష్టమే. 1785లో రాసింది. పొలం దున్నుతుంటే నాగలి తగిలి ఒక ఎలుక గూడు చెదిరిపోతుంది. చలికాలం ముంచుకొస్తోందని ఆకూ అలమూ కొరికి తెచ్చి కట్టుకున్న ఇల్లు అది. మళ్లీ కట్టుకుందామన్నా పచ్చగడ్డి దొరకని కాలం. బర్న్స్ ఆ ఎలుకతో మాట్లాడతాడు. భయపడకు, నేను నిన్ను తరిమి కొట్టను అంటాడు. అప్పుడప్పుడూ ఒక కంకి ఎత్తుకెళ్తావేమో, పోనీలే, నువ్వూ బతకాలి కదా అంటాడు. పొలం గట్టు తెలిసిన తాతయ్యకు ఈ కథ వీడియో కాల్‌లో చెప్పించి చూడండి, ఆయన ఎంత శ్రద్ధగా వింటారో.

నేర్పించే పద్ధతి కూడా చెబుతాను. మొదటి రోజే కాగితం ముందు పెట్టుకుని మాట మాటకూ ఇంగ్లీషు అర్థం చెప్పకండి, పిల్లలకు విసుగొస్తుంది. ముందు కథ తెలుగులో చెప్పండి. తర్వాత టీచర్‌ను అడిగితే రికార్డింగో, ఎక్కడ వినొచ్చో చెబుతారు. అది రెండు మూడుసార్లు వినిపించి, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసిపెట్టుకోండి: "వీ, స్లీకిట్, కౌరిన్, టిమ్రస్ బీస్టీ." మన అక్షరాల్లో పెట్టాక మీరు కూడా ధైర్యంగా చదివి వినిపించగలరు. స్కాట్స్‌లో 'ర' నాలుక అదిరేలా పలకాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు అది ఎవరూ నేర్పక్కర్లేదు, ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ల పక్కన నిలబడి దీటుగా పలుకుతారు. రోజుకు రెండు పాదాలు చాలు. చిన్నప్పుడు మనకు శతక పద్యాలు నోటికి పట్టించింది ఇలాగే కదా. ముందు నోటికి రావాలి, అర్థం మెల్లగా దిగుతుంది.

"ఇంగ్లీషు పాడైపోతుందేమో" అని కొందరి భయం. స్కాట్స్‌ను తప్పుడు ఇంగ్లీషు అనుకోవడం వల్ల వచ్చిన భయం అది. దానికి సొంత సాహిత్యం ఉంది, స్కాట్లాండ్‌లోని ఇంకో పాత భాష గేలిక్‌తో పాటు దానికీ 2025 చట్టంతో అధికారిక గుర్తింపు వచ్చింది. పిల్లలు ఇంటికొచ్చి అవును అనడానికి "అయ్" అన్నా, చిన్న అనడానికి "వీ" అన్నా దిద్దకండి. పరీక్షలో ఏది రాయాలో, ఆటస్థలంలో ఏది మాట్లాడాలో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఇక హ్యాగిస్. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, కొవ్వు, మసాలా కలిపి సంచిలో ఉడికిస్తారు. పూర్వం ఆ సంచి గొర్రె పొట్టే. బోటి, కార్జం తినే ఇళ్లవాళ్లకు కొత్తేమీ కాదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: బజార్లో దొరికే చాలా హ్యాగిస్‌లలో కలిపే కొవ్వు గొడ్డుదై ఉంటుంది, పైన తొడుగు కూడా ఒక్కోసారి అదే. అది తినని వాళ్లు ప్యాకెట్ మీద చదివి తీరాలి. బడికి ముందే ఒక చిన్న మెయిల్ పెట్టండి, మొహమాటం అక్కర్లేదు. శాకాహార హ్యాగిస్ 1980ల నుంచి అమ్మకంలో ఉంది, పప్పులు, బీన్స్, ఓట్స్, కూరగాయలతో చేస్తారు, సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. మేం జనవరిలో అదే తెచ్చుకుని, పక్కన ఉడికించి మెదిపిన బంగాళాదుంప, నీప్స్ పెట్టుకుని తింటాం. నీప్స్ అంటే లోపల పసుపుపచ్చగా ఉండే పెద్ద దుంప, కాస్త తీపి. మిరియాల పొడి కొంచెం ఎక్కువ వేస్తే మన నోటికి బాగుంటుంది. మిగిలిపోతే మర్నాడు శనగపిండిలో ముంచి పకోడీ వేయండి. గ్లాస్గో రెస్టారెంట్లలో హ్యాగిస్ పకోడా ఎప్పట్నుంచో ఉంది.

బడి హాల్లో బర్న్స్ భోజనం జరిగే తీరు ఒక్కసారైనా చూడాలి. బ్యాగ్‌పైపులు ఊదుతూ ఒకరు ముందు నడుస్తారు, వెనక హ్యాగిస్ పళ్లెం వస్తుంది, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడతారు. దాన్ని ఉద్దేశించి బర్న్స్ రాసిన పద్యం చదువుతూ, కత్తి మాట వచ్చే చోట నిజంగానే కత్తి దింపి చీలుస్తారు, ఆవిరి గుప్పున పైకి లేస్తుంది. తల్లిదండ్రులను పిలిస్తే సెలవు పెట్టుకునైనా వెళ్లండి.

కిల్టు, అంటే ఇక్కడి మగవాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల గళ్ల లంగా, కొనాలా అంటే, చిన్నపిల్లలకు కొనక్కర్లేదు. "కాస్త టార్టన్ (వంశానికో రకంగా ఉండే గళ్ల బట్ట) వేసి పంపండి" అని కబురు వస్తే రిబ్బనో, టైయో, మెడకు స్కార్ఫో చాలు. తప్పనిసరైతే చారిటీ షాపుల్లో చూడండి, పిల్లలు ఎదిగిపోయాక ఇచ్చేసినవి ఉంటాయి. అద్దెకూ ఇస్తారు. కట్టేటప్పుడు కుచ్చిళ్లు వెనక్కి రావాలి, అంచు మోకాలి మధ్యకు ఉండాలి. పిన్ను పైపొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే నడుస్తుంటే బట్ట లాగి చిరుగుతుంది. మన వంశం కాని టార్టన్ మనం వేసుకోవచ్చా అని కొందరు సంకోచిస్తారు. నిక్షేపంగా వేసుకోవచ్చు.

డాన్సు సంగతికొస్తే, కేలీ నాట్యాలు, అంటే ఇక్కడి జానపద సామూహిక నృత్యాలు, పీఈ (వ్యాయామ) పాఠంలో భాగం. నవంబరు, డిసెంబరు నెలల్లో క్రిస్మస్ పార్టీకని నేర్పిస్తారు. గే గార్డన్స్, డాషింగ్ వైట్ సార్జెంట్, స్ట్రిప్ ద విల్లో లాంటివి. చేతులు పట్టుకునే మాట నిజమే, జతలు మారుతూ అందరితో అందరూ ఆడతారు. స్ట్రిప్ ద విల్లోలో రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతాయి, ఒక జంట మధ్యలో తిరుగుతూ ఒక్కొక్కరి చెయ్యీ అందుకుంటూ వరస చివరిదాకా వెళ్తుంది. మన కోలాటంలో గొలుసు అల్లినట్టే ఉంటుంది చూడ్డానికి. అభ్యంతరపెట్టి పిల్లను గోడ పక్కన కూర్చోబెట్టకండి. ఇక్కడి పెళ్లిళ్లలో, ఊరి పండగల్లో, కాలేజీలో ఈ అడుగులు జీవితాంతం పనికొస్తాయి.

హాలోవీన్ ఇక్కడ ఊరికే మిఠాయి అడుక్కునే పండగ కాదు. గైజింగ్ అంటారు. వేషం వేసుకుని ఇంటికొచ్చిన పిల్లలు ఏదో ఒకటి చేసి చూపించాలి: ఒక జోకు, పాట, పద్యం. అప్పుడే మిఠాయి. పూర్వం గుమ్మడికాయ కాకుండా నీప్స్ దుంపనే తొలిచి దీపం పెట్టేవాళ్లు. అది రాయిలా ఉంటుంది, తొలవడం పెద్దల పని. మా వీధిలో ఒక తెలుగు బాబు ప్రతి గుమ్మంలోనూ వేమన పద్యం రాగం తీసి చెప్పేవాడు, మరుసటేడు వాడి కోసం జనం ఎదురుచూశారు. కొన్ని మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారులు ఇంటికొచ్చాక ఏరి పక్కన పెట్టండి.

డిసెంబరు 31 రాత్రి హాగ్మనే. స్కాట్లాండ్‌లో క్రిస్మస్‌కు 1958 దాకా ప్రభుత్వ సెలవే లేదు, అసలు సంబరం కొత్త సంవత్సరానిదే. అర్ధరాత్రి దాటాక ఇంట్లో మొదట అడుగుపెట్టే మనిషి నల్లటి జుట్టున్న పొడుగాటి మగవాడైతే శుభమని నమ్మకం. కాబట్టి పక్కింటివాళ్లు మీవారిని పిలిస్తే ఆశ్చర్యపోకండి, వెళ్లమనండి, కానీ ఒట్టి చేతులతో వద్దు. బొగ్గు ముక్క ఆనవాయితీ, షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల డబ్బా తీసుకెళ్లినా సరిపోతుంది. కొత్త సంవత్సరం రాగానే అందరూ కలిసి పాడే "ఆల్డ్ లాంగ్ సైన్" పాటలో చేతులు అడ్డంగా మార్చి పట్టుకోవడం చివరి చరణంలోనే, మొదటి నుంచీ కాదు. ఇది పిల్లలకు చెప్పి ఉంచండి.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉండాలి. ఇక్కడి బళ్లలో మత, నైతిక విద్య అనే పాఠం ఉంది, అందులో అన్ని మతాల పండగలూ వస్తాయి. అక్టోబరులో వచ్చే సెలవులను పాతవాళ్లు టాటీ హాలిడేస్ అంటారు, ఒకప్పుడు పిల్లలు బంగాళాదుంపలు ఏరడానికి పొలాలకు వెళ్లిన రోజులవి. మన దసరా కూడా తరచుగా ఆ ప్రాంతంలోనే. ఆ సెలవులకు ముందే టీచర్‌కు చెప్పండి, దీపావళికి వచ్చి ముగ్గు నేర్పిస్తానని. ఆటస్థలం వానకు తడిసి ఉంటుంది కాబట్టి నల్ల కాగితం, సుద్దముక్క పట్టుకెళ్లి క్లాసులోనే చుక్కలు పెట్టించండి. ఉపన్యాసం కంటే చుక్కల ముగ్గే పిల్లలకు గుర్తుంటుంది.

పెద్ద తరగతుల్లో ప్రసిద్ధ స్కాట్‌ల మీద ప్రాజెక్టు ఇస్తే అందరూ రాసే పేర్లే రాయించకండి. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు, అక్కడే చదివాడు. 1800 నుంచి 1807 దాకా మా సీమ జిల్లాలకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. సీమ ఊళ్లలో ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు, తిరుమలలో మన్రో గంగాళం పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టిన కాలిన్ మెకంజీ మన ఊళ్ల కైఫీయతులు, అంటే ఊరి చరిత్ర రాసిన పత్రాలు, సేకరింపజేశాడు. ఆ పని చేసిపెట్టింది కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు, వాళ్ల పేర్లూ ప్రాజెక్టులో ఉండాల్సిందే. మన్రో, మెకంజీ ఇద్దరూ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నవాళ్లు, వచ్చింది పన్ను వసూలుకూ, భూమి కొలతకూ. అది కూడా దాచకుండా చెప్పండి. హైస్కూలు పిల్లలకు ఆ రెండూ కలిపి ఆలోచించే వయసు వచ్చింది.

తిప్పి చూపించడానికి పెద్ద ఖర్చు లేదు. ఎడిన్‌బరాలో నేషనల్ మ్యూజియం, గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ రెండూ ఉచితం. ఆలవేలో బర్న్స్ పుట్టిన గడ్డికప్పు ఇల్లు ఇప్పటికీ ఉంది, వాళ్ల నాన్న సొంత చేతులతో కట్టుకున్నాడు. అక్కడ టికెట్టు ఉంటుంది. స్కాట్లాండ్‌లో 2022 జనవరి 31 నుంచి 22 ఏళ్ల లోపు వాళ్లకు బస్సు ఉచితం, ఆపైన తిరుగుళ్లకు అదే పెద్ద ఆసరా. ఐదేళ్లు నిండిన పిల్లలకు కార్డు ఉండాలి, ఆన్‌లైన్‌లో గానీ స్థానిక కౌన్సిల్ ద్వారా గానీ దరఖాస్తు పెట్టాలి. ఫోటో, వయసు రుజువు, చిరునామా రుజువు అడుగుతారు. ఇంటి అద్దె ఒప్పందం చేతికి రాగానే ఆ పని మొదలుపెట్టండి, కార్డు పోస్టులో రావడానికి కొంత సమయం పడుతుంది.