నర్సంపేటలో తల్లిదండ్రుల సంఘం పెట్టబోతున్న మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. అక్కడ మీరంతా, ముఖ్యంగా మన చిన్నోడు, క్షేమమని తలుస్తాను.

నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ వంటి ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులను ఒక సంఘంగా కూడగట్టాలని, అందుకు ముందుగా ఒక పెద్ద సభ పెట్టి నాయకులను, అధికారులను పిలవాలని అనుకుంటున్నట్టు రాశావు. సంకల్పం మంచిదే గానీ, సభతో మాత్రం మొదలుపెట్టవద్దు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన కొడుకును పెంచుతూ, బడిపంతులు ఉద్యోగంలో ఉన్నప్పుడూ రిటైరైన తరువాతా ఇదే పనిమీద తిరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను. శాలువాలు కప్పడం, ఫొటోలు దిగడం అయిపోయాక ఇంటికి తిరిగి వెళ్లే తల్లి చేతిలో కొత్తగా వచ్చి చేరినదేమీ ఉండదు, కాబట్టి రెండో సభకు ఆమె రాదు. అదే తల్లికి ఒకరోజు, వైకల్య సర్టిఫికెట్ కోసం పిల్లలను పరీక్షించే సదరం క్యాంపుకు తోడు వెళ్లి, కాగితం ఆమె చేతికి వచ్చేదాకా వెంట ఉంటే, తరువాత తన వాడకట్టులోని ఇంకో ఇద్దరు తల్లులను ఆమే వెంటబెట్టుకొని వస్తుంది. సంఘానికి పేరు, బ్యానరు, రిజిస్ట్రేషన్ ఆ తరువాతి సంగతులు.

ముందు ఇళ్లు తెలుసుకోవాలి. మన ఊళ్లలో ఇటువంటి బిడ్డను చుట్టం వస్తే లోపలి అర్రలో కూర్చోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, అందువల్ల ఎవరిని అడిగినా మా ఊళ్లో అలాంటివాళ్లు లేరనే అంటారు. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు మాత్రం ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుస్తుంది. మండలంలో ఇటువంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక టీచరు, అంటే ఐఈఆర్పీ దగ్గర బడి ఈడు పిల్లల పేర్లు ఉంటాయి, ఇంటి నుంచి కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పేది కూడా వాళ్లే. ఈ ముగ్గురితో స్నేహం చెయ్యి. ఇంటికి వెళ్లినప్పుడు ముందుగా బిడ్డ పేరు అడిగి, బిడ్డతోనే నాలుగు మాటలు మాట్లాడి, ఆ తరువాత పెద్దవాళ్ల వైపు తిరుగు. ఎందుకిలా పుట్టాడని ఎప్పుడూ అడగవద్దు. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, పూర్వజన్మ పాపమనో ఆ తల్లి అప్పటికే అత్తవారింట్లో కావలసినన్ని మాటలు పడి ఉంటుంది. కాన్పులో బిడ్డ ఆలస్యంగా ఏడవడం, పుట్టిన వెంటనే వచ్చిన పసిరికలు ముదరడం, థైరాయిడ్ లోపాన్ని గుర్తించకపోవడం, మెదడుకు సోకిన జ్వరం, క్రోమోజోముల తేడా వంటి కారణాలు వైద్యులకు తెలుసు, కొన్ని సందర్భాల్లో కారణం తేలనే తేలదు. వీటిలో ఏదీ తల్లి చేసిన తప్పు కాదని ఆమె అత్తగారు వినేటట్టు చెప్పడం కూడా నీ పనిలో భాగమే అనుకో.

సర్టిఫికెట్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మిగతా అన్నింటికీ తలుపు అదే. ముందుగా స్లాటు తీసుకొని క్యాంపుకు వెళ్లాలి. ఆ రోజు ఆసుపత్రిలో జనం కిక్కిరిసి ఉంటారు, ఆ గోలకు మన పిల్లలు చెవులు మూసుకుంటారు, కింద పడి ఏడుస్తారు, అది చూసి తల్లి సిగ్గుపడి వెనక్కి వచ్చేస్తుంది. తోడు వెళ్లేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరు వరుసలో నిలబడితే, ఇంకొకరు బిడ్డను చెట్టు కిందికి తీసుకుపోయి, పేరు పిలిచేదాకా ఆడించాలి. నీళ్లు, తినడానికి బిడ్డకు ఇష్టమైనది, మార్చడానికి ఒక జత బట్టలు, పాత చీటీలన్నీ ఒకే సంచిలో ఉండాలి. మేధో వైకల్యాన్ని తేల్చేటప్పుడు బుద్ధి పరీక్షతో పాటు, బిడ్డ తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో తల్లిని అడిగి లెక్కగడతారు. అన్నం తానే కలుపుకొని తింటాడా, దొడ్డికి వెళ్లి కడుక్కోగలడా, గుండీలు పెట్టుకోగలడా, దుకాణానికి పోయి చిల్లర తేగలడా అని అడుగుతారు. అక్కడే చాలామంది తల్లులు పదిమందిలో పరువు పోతుందని, అన్నీ వచ్చు సార్ అనేస్తారు. ఆ ఒక్క మాటతో వైకల్య శాతం తగ్గిపోతుంది. ఉన్నది ఉన్నట్టు, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పమని ముందురోజే ఇంట్లో కూర్చోబెట్టి ఆ ప్రశ్నలన్నీ ఒకసారి అడిగి చూడు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలలో స్వల్ప స్థాయికి 50, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100 శాతమని, సరిహద్దులో ఉన్నవారికి 25 అని ఉంది. పింఛనుకైనా మరే ప్రయోజనానికైనా సాధారణంగా కనీసం 40 శాతం ఉండాలి కనుక, ఆ గీత దగ్గర ఉన్న బిడ్డ విషయంలో జవాబులు ఎంత ముఖ్యమో నీకే అర్థమవుతుంది. నిర్ణయం సరిగా లేదనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చేది తాత్కాలిక పత్రమే కాబట్టి గడువు తేదీని సంఘం రిజిస్టరులో రాసి పెట్టుకొని, రెండు నెలల ముందే ఆ ఇంటికి గుర్తు చెయ్యండి. దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు కూడా అందరికీ ఉండేటట్టు చూడండి.

వికలాంగుల పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు అయింది. శాతం ఎక్కువ వేయిస్తానని, పింఛను మంజూరు చేయిస్తానని డబ్బు అడిగే దళారులు క్యాంపు గేటు దగ్గరే తిరుగుతుంటారు. సంఘం సభ్యులెవరూ వాళ్లతో టీ కూడా తాగకూడదని నా కచ్చితమైన మాట. ఒక్కసారి ఆ మాట అంటుకుంటే ఊళ్లో ఎవరూ మిమ్మల్ని నమ్మరు.

బడి సంగతికి వస్తే, కనీసం 40 శాతం వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య 2016 చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చిన హక్కు. అయినా చట్టం చేతపట్టుకొని హెడ్మాస్టరు గదిలోకి వెళ్లవద్దు. నలభై మంది పిల్లల మధ్య ఒక్కతే ఉన్న టీచరు, ఈ బిడ్డను తీసుకుపొమ్మని అన్నదంటే అది చాలాసార్లు ద్వేషం వల్ల కాదు, ఏం చేయాలో తెలియకపోవడం వల్ల. ఆ బిడ్డకు ఏ శబ్దం పడదు, ఏం చూపిస్తే కూర్చుంటాడు, మూత్రం వస్తే ఎలా సైగ చేస్తాడు అనే నాలుగైదు వాక్యాలు ఒక కాగితం మీద రాసి టీచరు చేతికి ఇచ్చిన తల్లి, ఆ బడిలో బిడ్డకు సగం చోటు సంపాదించినట్టే. ఐఈఆర్పీని కూడా ఒకరోజు అదే తరగతికి రమ్మను. అప్పటికీ చేర్చుకోకపోతే మండల విద్యాధికారికి (ఎంఈఓకు) లిఖితంగా రాయండి, ఆ రాతలో సెక్షన్ సంఖ్య వేయండి. పై తరగతులకు వచ్చినవారికి పరీక్షలో రాసిపెట్టే సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్న కేంద్ర మార్గదర్శకాలు 2018లోనే వచ్చాయి. అడిగేవాళ్లు లేకనే అవి కాగితం మీద మిగిలిపోతున్నాయి.

మన చిన్నోడి థెరపీ గురించి రాసిన మాటలు చదివి నాకు కొంచెం దిగులు కలిగింది. వరంగల్‌లో ఎవరో మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్సతో ఆటిజం తగ్గిపోతుందని చెప్పారని, పొలం అమ్మాలా అని మీ ఆయన అడుగుతున్నాడని రాశావు. అమ్మవద్దు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధుల వంటి కొద్ది వాటికి తప్ప ఈ చికిత్సను అనుమతి పొందిన పరిశోధనలలో మాత్రమే చేయాలి, అటువంటి పరిశోధనలో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి మాట, ఆట నేర్పించవచ్చు. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్య జాతీయ సంస్థకు ఒకసారి తీసుకువెళ్లండి, అక్కడ బిడ్డను పరీక్షించడంతో పాటు ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకు నేర్పుతారు. మేధో వైకల్యం ఉన్నవారికీ, తోడు వచ్చేవారికీ రైలులో స్లీపరు, రెండో తరగతి టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది, నీకు తెలిసిన కుటుంబాలకు ఈ మాట చెప్పు. కాజీపేటలో రైలెక్కేవారిలో చాలామంది పూర్తి టికెట్ కొనుక్కొనే పోతున్నారు.

ఇక అందరూ వాయిదా వేసే విషయం ఒకటుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండిన రోజు నుంచి, చట్టం దృష్టిలో కన్నవాళ్లు తమంతట తాము సంరక్షకులు కారు. బ్యాంకు మేనేజరు ఖాతా విషయంలో అడ్డు చెప్పినప్పుడో, తండ్రి పోయి భూమి పంచుకునేటప్పుడో ఇది ఒక్కసారిగా తెలిసివస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి సంరక్షకులను నియమించేది ఆ కమిటీయే, ఆ పత్రాన్ని బ్యాంకులు కూడా అంగీకరించాలి. 17 ఏళ్లు నడుస్తున్న పిల్లల జాబితా తీసి ఆ కుటుంబాలకు ముందే దరఖాస్తులు సిద్ధం చేయించు. అదే ట్రస్ట్ నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు, థెరపీతో సహా, వస్తుంది. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి అయితే, ఆధారపడి బతికే ఈ బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది కనుక, ఆయన సర్వీసులో ఉన్నప్పుడే బిడ్డ పేరు, వైకల్యం రికార్డులో ఎక్కించాలి. మా స్టాఫురూములో ఈ సంగతి తెలియకుండానే రిటైరైనవాళ్లను చూశాను.

పెళ్లి చేస్తే బాగుపడతాడు, బాగుపడుతుంది అనే మాట నీకు ప్రతి ఊళ్లోనూ ఎదురవుతుంది. దాన్ని ఎదిరించాల్సింది నువ్వే. లోపాన్ని దాచి చేసిన పెళ్లిలో ఇద్దరి బతుకులూ చెడతాయి. తన ఇష్టం తెలిసి, తోడు కావాలని కోరుకునే యువకుడి సంగతి వేరు, అటువంటివారి మాట వినాలి.

దీనికన్నా బరువైనది ఇంకొకటి ఉంది. మాట సరిగా రాని ఆడపిల్ల మీద, మగపిల్లాడి మీద కూడా, చేయి వేసేవాడు చాలాసార్లు తెలిసినవాడే అయి ఉంటాడు. ఊరి పెద్దలు కూర్చొని డబ్బుతో మాఫీ చేయాలని చూస్తారు. ఆ కూర్చోవడానికి సంఘం ఏనాడూ ఒప్పుకోకూడదు. 18 ఏళ్లలోపు బిడ్డ అయితే 2012 పోక్సో చట్టం కింద, తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పితీరాలి, చెప్పకపోవడం నేరం. బిడ్డ వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఆ బిడ్డ భాష తెలిసిన ప్రత్యేక విద్య టీచరు సహాయం తీసుకోవచ్చని అదే చట్టం చెబుతోంది. వికలాంగుల మీద అఘాయిత్యాలకు 2016 చట్టంలోని 92వ సెక్షన్ ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష విధించింది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందని ప్రతి ఇంటి గోడమీదా రాయించు.

సంఘం కూర్చునేటప్పుడు పెద్దయిన పిల్లలను బయట ఆడుకొమ్మని పంపవద్దు. వాళ్ల గురించి వాళ్ల తలమీదుగా మాట్లాడుకోవడం మనకు అలవాటైపోయింది. ఒక్క ప్రశ్నను చిన్న మాటల్లో అడిగి, జవాబు వచ్చేదాకా ఆగితే చాలు. మా వాడు ఇంటి దగ్గరి దుకాణంలో పని చేస్తానని తానే చెప్పాడు, మేము అప్పటిదాకా ఇంట్లో అగరుబత్తీలు చుట్టించాలని ఆలోచిస్తున్నాం. ఫొటోలు కూడా వాళ్లను అడగకుండా వాట్సాప్‌లో పెట్టకండి. మేడారం జాతరకు తీసుకువెళ్లాలా వద్దా అని అడిగావు, తప్పకుండా తీసుకువెళ్లండి, చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టి, జనం తక్కువగా ఉండే రోజు చూసుకొని వెళ్లండి. జాతరకు రానివ్వని బిడ్డను ఊరు తనవాడిగా ఎప్పుడు చూస్తుంది?

నెలసరి సమావేశాన్ని పత్తి ఏరే రోజుల్లో, మిరప కోత రోజుల్లో పగటిపూట పెట్టకండి, ఒకపూట కూలి పోగొట్టుకొని వచ్చే తల్లికి మన మాటలకన్నా ఆ డబ్బే అవసరం. చందా ఎంత తక్కువైనా రశీదు ఇవ్వండి. ఏ పార్టీ కండువా ఉన్నవాళ్లయినా సభ్యులు కావచ్చు, కండువా మాత్రం గుమ్మం బయటే ఉండాలి.

కలెక్టరేట్‌లో సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి మీ మొదటి దరఖాస్తు తీసుకువెళ్లేటప్పుడు పది సమస్యలు కలిపి రాయకండి. పది ఉంటే అది పది శాఖలకు పోయి ఎక్కడా తేలదు. మీ భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు రావడం లేదన్నావు కదా, ఆ ఒక్కటే రాయండి. ఏ తారీఖుల్లో రాలేదు, ఎంతమంది పిల్లలు వచ్చి తిరిగిపోయారు అన్నది తల్లుల సంతకాలతో జతచేయండి. రెండు ప్రతులు తీసుకువెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. మాట్లాడే పని నువ్వు చేయకు, బిడ్డను ఎత్తుకొని తిరిగిపోయిన తల్లినే మాట్లాడనివ్వు, నువ్వు పక్కన నిలబడు. రాసిన ముసాయిదా ఆదివారంలోగా నాకు పంపితే చూసి, దిద్ది తిప్పి పంపుతాను.

చిన్నోడికి ముద్దులు. మీ ఆయనకు పొలం సంగతి నా మాటగా చెప్పు.

ఇట్లు
నీ మేనమామ